చెరొకీ ఉచ్చారణ, అనువాద సాధనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా ఆదివాసుల భాషల్లో ఒకటైన చెరొకీ నేర్చుకోవాలని సరదాపడే తెలుగువాళ్ళు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. వ్యాకరణం జోలికి పెద్దగా పోలేదు. నోరు తిరిగేది ఎలా, ఫోన్‌లో ఉన్న సాధనాలను ఎక్కడిదాకా నమ్మొచ్చు, అంతే. చెరొకీ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో చెరొకీ ఉందా?

2024 జూన్‌లో గూగుల్ ఒక్కసారిగా 110 భాషలు చేర్చింది. ఆ జాబితాలో కూడా చెరొకీ లేదు. ఇదే గూగుల్ 2011లో సెర్చ్ పేజీని, 2012లో జీమెయిల్‌ని చెరొకీలో తెచ్చింది కాబట్టి చాలామంది అనువాదం కూడా ఉండే ఉంటుందనుకుంటారు. బటన్ల మీద పేర్లు మార్చడానికి భాష బాగా తెలిసిన కొద్దిమంది కూర్చుని మాటలు రాసిస్తే చాలు. అనువాద యంత్రానికి మాత్రం కుప్పలుతెప్పలుగా జంట వాక్యాలు కావాలి, అవి చెరొకీకి లేవు.

ఒకవేళ రేపు చేర్చినా, వెంటనే స్పీకర్ బొమ్మ కూడా వస్తుందని ఆశపడకండి. అనువాదం ఒక పని, గొంతు ఇంకో పని. అనువాదం ఉండి కూడా గొంతు లేని భాషలు ఆ జాబితాలో చాలా ఉన్నాయి.

యాప్ స్టోర్‌లో, వెబ్‌లో "చెరొకీ ట్రాన్స్‌లేటర్" అని బోలెడు కనిపిస్తున్నాయి. అవి?

వాటిలో కొన్ని అసలు అనువాదమే చేయవు. మీరు ఇంగ్లీషులో పేరు కొడితే, ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి బదులు చూడ్డానికి దానిలాగే ఉండే చెరొకీ అక్షరం పెట్టి ఇస్తాయి. చూపుకి భలే ఉంటుంది. చదివితే అర్థం పర్థం ఉండదు.

చెరొకీ లిపిని తయారుచేసిన సెక్వోయాకు ఇంగ్లీషు చదవడం రాదు. అచ్చులో కొన్ని అక్షరాల ఆకారం మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లాగే ఉంటుంది, శబ్దానికి ఏ సంబంధమూ లేదు. ఇంగ్లీషు 'డి'లా కనిపించేది 'అ'. 'డబ్ల్యూ'లా కనిపించేది 'ల'. 'హెచ్'లా ఉండేది 'మి', 'జెడ్'లా ఉండేది 'నొ', 'ఆర్'లా ఉండేది 'ఎ'. ఇప్పుడు ఆ యాప్ ఇచ్చిన మీ పేరుని ఒక చెరొకీ పెద్దాయన చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పరీక్ష చాలా తేలిక. సాధనంలో రెండక్షరాల ఇంగ్లీషు మాట కొట్టండి. జవాబులో కూడా సరిగ్గా రెండే అక్షరాలు వచ్చాయా? ఇంకో నాలుగు మాటలకు కూడా లెక్క అలాగే సరిపోతే ఆ పేజీ మూసేయండి.

ఈ భాష ఇప్పుడు ఎంతమంది మాట్లాడుతున్నారు?

ధారాళంగా మాట్లాడేవాళ్ళు సుమారు 2,000 మంది అని సాధారణంగా చెబుతారు. వాళ్ళలో ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళు. ఒక్క చెరొకీ నేషన్‌లోనే నాలుగున్నర లక్షలకు పైగా సభ్యులున్నారు, దాన్ని బట్టి భాష పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. 2019లో మూడు చెరొకీ ప్రభుత్వాలూ కలిసి భాషకు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. ఆ మూడు: ఓక్లహోమా రాష్ట్రం తాలెక్వాలోని చెరొకీ నేషన్, అక్కడే ఉన్న యునైటెడ్ కిటూవా బ్యాండ్, నార్త్ కరోలినా కొండల్లోని ఈస్టర్న్ బ్యాండ్. 1838–39లో జనాన్ని బలవంతంగా పడమటికి తోలేశాక భాష రెండు చోట్ల విడివిడిగా పెరిగింది. ఉచ్చారణలో దాని ప్రభావం గురించి కింద ఒక ప్రశ్న ఉంది.

లిపి నేర్చుకుంటే ఉచ్చారణ దానంతట అదే వచ్చేస్తుందా? తెలుగులాగా రాసింది రాసినట్టు చదవొచ్చంటారు కదా.

సగం నిజం. మనవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఆ మిగతా సగంలోనే.

సెక్వోయా 1821 నాటికి లిపి పూర్తిచేశాడు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 85 అక్షరాలు. మనకు హల్లుకి గుణింతం ఉంటుంది, 'క'కు గుడి పెడితే 'కి' అవుతుంది. వాళ్ళకు గుణింతం లేదు, 'ల'కీ 'లి'కీ పోలికే ఉండదు. ప్రతి అక్షరమూ విడిగా కంఠస్థం చేయాల్సిందే. రోజుకో వరస చొప్పున రాస్తే రెండు మూడు వారాల్లో పట్టుబడుతుంది, అది పెద్ద కష్టం కాదు.

కష్టమంతా లిపి రాయకుండా వదిలేసిన వాటితో. అచ్చు పొట్టిదా పొడవుదా అన్నది రాయదు. స్వరం పైకి లేస్తుందా కిందికి దిగుతుందా అన్నది రాయదు. మాట మధ్యలో గొంతు టక్కున ఆగడం, హల్లుకి ముందు వచ్చే చిన్న 'హ్' చాలాచోట్ల రాయదు. 'క', 'ఖ' లాంటి జంటల్లో కొన్నిటికే వేరు అక్షరాలున్నాయి, మిగతా వాటికి రెండు శబ్దాలకూ ఒకటే. ఉదాహరణకు 'క'కూ 'ఖ'కూ విడివిడిగా ఉన్నాయి గానీ, 'కి'కీ 'ఖి'కీ కలిపి ఒక్కటే అక్షరం.

దీనికి తోడు, రాసిన అచ్చు పలకని మాటలు కూడా ఉన్నాయి. ఆపిల్‌ని మూడు అక్షరాలతో 'సఁ-గ-థ' అని రాస్తారు (ఆ అరసున్న సంగతి తర్వాతి ప్రశ్నలో). మాట్లాడేటప్పుడు మధ్య అచ్చు ఎగిరిపోయి 'సఁక్థ' అవుతుంది. అందంగా ఉంది అనడానికి 'ఉవొదుహి' అని రాస్తారు, మాటల్లో చివరి ముక్క మింగేసి 'ఉవొదు' అంటారు. పలకరింపు 'ఓసియో' కూడా రోజువారీ వాడుకలో 'సియో' అయిపోతుంది. మనం 'వెళ్ళాలి అండి'ని 'వెళ్ళాలండి' చేసినంత సహజంగా చేస్తారు కాబట్టి, ఎవరూ దాన్ని ప్రత్యేకంగా చెప్పరు.

చిన్నప్పటి నుంచి భాష విన్నవాళ్ళకు ఇవేవీ రాయక్కర్లేదు, చూడగానే నోటికి వస్తాయి. లిపి తయారైంది వాళ్ళ కోసం. 1828లో 'చెరొకీ ఫీనిక్స్' పత్రిక అచ్చయినప్పుడు దాన్ని చదివినవాళ్ళు భాష వచ్చినవాళ్ళే. బయటినుంచి వచ్చే మనకు మాత్రం చెవి తోడు లేకుండా ఆ 85 అక్షరాలు సగం దారిలో వదిలేస్తాయి.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన చెరొకీలో అడుగడుగునా 'వి' అక్షరం వస్తోంది. దాన్ని 'వ్' అని చదవాలా?

వద్దు. అది హల్లే కాదు, అచ్చు. చెరొకీలో ఆరు అచ్చులు: అ, ఎ, ఇ, ఒ, ఉ, ఇంకా ఈ ఆరోది. ఇంగ్లీషు అక్షరాల్లో దీనికి వేరే గుర్తు దొరక్క, ఖాళీగా ఉన్న 'వి'ని పెట్టేశారు. చెరొకీలో ఇంగ్లీషు 'వి' అక్షరం శబ్దం లేదు కాబట్టి వాళ్ళకు ఇబ్బంది లేదు, ఇబ్బందల్లా చదివే మనకే.

శబ్దం ఇలా ఉంటుంది: కథ చెబుతుంటే మనం ఊఁ కొడతాం కదా, ఆ 'ఊఁ'లో ముక్కులోంచి వచ్చే పలుకు పట్టుకోండి. ఇప్పుడు పెదవులు గుండ్రంగా చుట్టకుండా, నోరు కొంచెం తెరిచి, 'అ'కీ 'ఉ'కీ మధ్యలో ఎక్కడో అదే ముక్కుపలుకుతో అనండి. అదే. దీన్ని నేను 'అఁ' అని అరసున్నతో రాస్తున్నాను. అరసున్నకు ఇన్నాళ్ళకు మళ్ళీ ఒక ఉద్యోగం దొరికింది.

'అఁఅఁ' అంటే అవును. 'యఁవి' అంటే మనిషి. 'నఁగి' అంటే నాలుగు. సూర్యుడికీ చంద్రుడికీ వాడే 'నఁద' అనే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అచ్చం స్టాక్ మార్కెట్లో ఎన్విడియా షేరు కోడ్‌లాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఈ మాట ఇక జన్మలో మర్చిపోవడం ఉండదు.

ఫోన్‌లోని ఇంగ్లీషు గొంతుకు ఆ నాలుగు అక్షరాలు ఇచ్చి చదవమంటే విడివిడిగా అక్షరాల పేర్లు చదువుతుంది. అందుకే ఇంగ్లీషు లిపిలో రాసిన చెరొకీని ఇంగ్లీషు గొంతుతో చదివించుకోవడం పూర్తిగా దండగ.

మరి తెలుగు లిపిలో రాసుకోవచ్చా?

నిక్షేపంగా. నా లెక్కన ఇంగ్లీషు అక్షరాల కన్నా చాలా నయం. పొట్టి అచ్చు, దీర్ఘం మనకు వేరువేరుగా ఉన్నాయి. 'ఎ', 'ఏ' తేడా, 'ఒ', 'ఓ' తేడా కూడా ఉంది, అది హిందీ లిపిలో కూడా కుదరదు. నీళ్ళని 'అమ' అంటారు, ఉప్పుని 'ఆమ' అంటారు. చెరొకీ లిపిలో రెండూ ఒకేలా రాస్తారు, ఇంగ్లీషులోనూ అంతే. తెలుగులో చక్కగా రెండు రకాలుగా రాసుకోవచ్చు.

అసలు లాభం మాత్రం ఒత్తు అక్షరాలది. ఇంగ్లీషు 'డి', 'టి' అని రాసే చెరొకీ శబ్దాల మధ్య తేడా మన 'ద', 'ట' తేడా కాదు. రెండూ ఊపిరి తేడాతో వేరయ్యేవి: ఒకటి ఊపిరి లేని 'త', రెండోది ఊపిరి గట్టిగా వదిలే 'థ'. 'జి', 'కె' అని రాసేవి కూడా అంతే, 'క', 'ఖ'. ఊపిరి లేనివి మాట మొదట్లో 'త', 'క'లా వినిపిస్తాయి, రెండు అచ్చుల మధ్య పడితే మెత్తబడి 'ద', 'గ' వైపు జారతాయి. నేను అలాగే రాస్తున్నాను. రొట్టె 'కదు', కాఫీ 'ఖహ్వి'. కాఫీలో 'ఫ' ఏమైందంటారా? చెరొకీలో 'ఫ' లేదు, ఆ చోట 'హ్వ' వచ్చి కూర్చుంది.

ఇక్కడ మనకో చిక్కు ఉంది. 'థ' అని రాయడం మనకు వచ్చు, పలకడమే సరిగా రాదు. 'కథ'ని 'కధ' అనేవాళ్ళు ఎంతమంది లేరు! 'ఖరీదు' దాదాపు అందరి నోటా 'కరీదు'. కాబట్టి చెరొకీ మాటలో 'థ' కనబడితే కంఠాన్ని మోగించకుండా 'త' అని వెంటనే గాలి వదలండి. అరచేయి నోటి ముందు పెట్టుకుని 'థ' అంటే వేళ్ళకు గాలి తగలాలి, 'త' అంటే తగలకూడదు. రెండుని 'థ'లి' అంటారు. మాట మధ్యలో పెట్టిన ఆ గుర్తు దగ్గర గొంతు క్షణంపాటు మూసుకుంటుంది.

ఇంకోటి. ఇంగ్లీషులో 'టి', 'డి' కనబడితే మన నాలుక అలవాటుగా వెనక్కి మడిచి 'ట', 'డ' అంటుంది. కృతజ్ఞత చెప్పే మాటని మనవాళ్ళు ఠక్కున 'వాడో' అనేది అందుకే. 'వదో' అనండి, నాలుక మడవొద్దు. చెరొకీలో 'ట', 'డ', 'ణ', 'ళ' లాంటి మూర్ధన్యాలు లేవు.

ఈ పేజీలో దీర్ఘాలు అన్నిచోట్లా పెట్టలేదు. ఆడియో వింటూ మీ నోటుబుక్‌లో మీరే పెట్టుకోండి, చెవి అలా తయారవుతుంది.

ఫోన్‌లోని తెలుగు గొంతుతో చదివించుకుంటే?

ఇంగ్లీషు గొంతు కన్నా దగ్గరగా వస్తుంది, ముఖ్యంగా అచ్చులు. 'ఓసియో' అని తెలుగులో కొట్టి స్పీకర్ బొమ్మ నొక్కితే ఫర్వాలేదనిపిస్తుంది. అయితే అరసున్నని అది పట్టించుకోకపోవచ్చు, గొంతు ఆపడం తెలీదు, స్వరం సంగతి అసలే తెలీదు. మీరు రాసుకున్నది మీరు అనుకున్నట్టే రాశారా లేదా అని సరిచూసుకోవడానికి వాడండి. నేర్చుకోవడానికి కాదు.

'త్ల' శబ్దం ఎంత ప్రయత్నించినా రావడం లేదు.

'ల' అనడానికి నాలుక పెట్టి, కంఠం మోగించకుండా, నాలుక రెండు పక్కల నుంచీ గాలి ఊదండి. బుసలాంటి శబ్దం వస్తుంది. దాని ముందు ఒక చిన్న 'త్' తగిలిస్తే పని అయిపోయింది. ఓక్లహోమాలో కొందరు ఆ 'త్' కూడా వదిలేసి ఉత్త గాలి 'ల' పలుకుతారు. కుక్కని లిపి ప్రకారం 'కిత్లి' అని రాసినా, చాలామంది నోట 'కిహ్లి' అని వినిపించేది దీనివల్లే. 'కిట్లి' అని మాత్రం అనకండి.

పెదవులు కలిపి పలికే శబ్దాలు చాలా తక్కువట, నిజమేనా?

నిజమే. ప, బ, ఫ లేవు. 'మ' ఉంది గానీ ఏవో కొన్ని మాటల్లోనే కనిపిస్తుంది. నీళ్ళు, ఉప్పు వాటిలోవే. ఎవరైనా 'ప'తో మొదలయ్యే "ప్రాచీన చెరొకీ పేరు" చెబితే నవ్వి ఊరుకోండి. 'ర' కూడా ఇప్పుడు లేదు. ఒకప్పుడు లోయర్ మాండలికంలో 'ల'కు బదులు 'ర' ఉండేది. ఆ మాండలికం ఇప్పుడు లేదు గానీ, దాని 'ర' ఇంగ్లీషువాళ్ళ 'చెరొకీ' అనే పేరులో మిగిలిపోయింది. వాళ్ళ సొంత నోట భాష పేరు 'జలగి' లేదా 'త్సలగి'.

స్వరం తేడా వల్ల అర్థం మారుతుందంటున్నారు. తెలుగువాళ్ళకి అది సాధ్యమేనా?

సాధ్యమే, కాకపోతే ఆలస్యంగా వస్తుంది. తెలుగులో స్వరం పైకి లేపితే ప్రశ్న అవుతుంది, కోపం వస్తే మారుతుంది, అంతేగానీ ఒక మాట ఇంకో మాట అయిపోదు. చెరొకీలో ఒక్కో అచ్చుకి ఒక్కో స్వరం ఉంటుంది. ఓక్లహోమా చెరొకీలో ఆరు రకాలు లెక్కపెడతారు: కింద, పైన, లేచేది, దిగేది, బాగా కిందికి పడిపోయేది, అన్నిటికన్నా పైకి వెళ్ళేది.

దీన్ని కాగితం మీద చూడాలంటే 1975లో వచ్చిన చెరొకీ–ఇంగ్లీషు నిఘంటువు చూడాలి. దాన్ని తయారుచేసిన డర్బిన్ ఫీలింగ్ పుట్టుకతో చెరొకీ మాట్లాడే భాషావేత్త. ఆయన 2020లో చనిపోయారు. తాలెక్వాలో ఇప్పుడున్న భాషా కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. ఆ నిఘంటువులో అచ్చుల పైన చిన్న అంకెలు ఉంటాయి. 2 అంటే కింది స్వరం, 3 అంటే పై స్వరం, 23 అంటే కింది నుంచి పైకి, 32 అంటే పై నుంచి కిందికి, 1 బాగా కింద, 4 అన్నిటికన్నా పైన. అచ్చు కింద చుక్క ఉంటే అది పొట్టి అచ్చు. కాసేపు అలవాటు పడితే సంగీతం నోట్‌లాగా చదవొచ్చు. ఈ అంకెలు అనువాద సాధనాల్లో ఎక్కడా కనిపించవు, ఉచ్చారణ నేర్చుకునేవాళ్ళకి వాటిలో ఉన్న పెద్ద లోటు ఇదే.

ఇంకో సులువు: మాట చివరి అచ్చు సాధారణంగా పై స్వరంలో, ముక్కులోంచి పలుకుతుంది, పొట్టిగా ఉంటుంది. ఇది దాదాపు అన్ని మాటలకూ వర్తిస్తుంది కాబట్టి అంకెలు చూడకుండానే సగం మాటలు చెరొకీలా వినిపించడం మొదలవుతాయి.

కంప్యూటర్ మీద ఇష్టం ఉన్నవాళ్ళకి 'ప్రాట్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఆడియో తెరిస్తే స్వరం గీతలా కనిపిస్తుంది. కింద మీ గొంతు రికార్డు చేసి పెడితే రెండు గీతల తేడా కళ్ళకు కడుతుంది. చెవికి అందని తేడా కంటికి అందుతుంది.

ఒకే మాటకి రెండు చోట్ల రెండు రకాల ఆడియో దొరికింది. ఏది కరెక్ట్?

రెండూ అయ్యుండొచ్చు. ముందు అది ఓక్లహోమా గొంతా, నార్త్ కరోలినా గొంతా చూడండి. గోదావరి జిల్లాల తెలుగు, తెలంగాణ తెలుగు వింటే ఏది తెలుగు అని అడగం కదా.

ఇంగ్లీషులో 'టి-ఎస్' అని రాసే శబ్దం తూర్పున, అంటే నార్త్ కరోలినాలో, మన 'చుక్క', 'చాప'లో పలికే దంత్య 'చ', 'జొన్న'లో పలికే దంత్య 'జ' వైపు ఉంటుంది. ఓక్లహోమాలో చాలామంది నోట 'జీతం'లో 'జ' అవుతుంది. ఈ రెండు రకాల చ, జ తేడా మనకు పుట్టుకతో వచ్చిందే, వాడుకోండి. తూర్పున కొందరు 'స'ని 'ష' వైపు పలుకుతారు. కొన్నిచోట్ల మాటలే వేరు. కృతజ్ఞతకి ఓక్లహోమాలో 'వదో' అంటే, నార్త్ కరోలినాలో 'స్గి' అంటారు.

మొదట్లో ఒక ప్రాంతం ఎంచుకుని దానికే కట్టుబడండి. ఆన్‌లైన్‌లో ఓక్లహోమా ఆడియో ఎక్కువ, కాబట్టి చాలామందికి అదే సులువు. మీరు ఉండేది నార్త్ కరోలినాలోని షార్లెట్ వైపో, రాలీ వైపో అయితే తూర్పు మాటే తీసుకోండి, విని మాట్లాడే అవకాశం అక్కడే వస్తుంది.

యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన అనువాద సాధనం ఒకటి ఉందట?

ఉంది. చాపెల్ హిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా బృందం 2020లో సుమారు 14 వేల చెరొకీ–ఇంగ్లీషు వాక్యాల జంటలు పోగుచేసింది. 2021లో వెబ్‌లో నడిచే అనువాద డెమో పెట్టింది. బృందంలో ఈస్టర్న్ బ్యాండ్‌కి చెందిన భాషా పండితుడు కూడా ఉన్నారు. ఇది నిజాయితీగా చేసిన పని, అక్షరాలు మార్చే యాప్‌లతో కలిపి చూడకండి.

దాని హద్దులు వాళ్ళే అచ్చులో పెట్టారు. అనువాదం ఎంత బాగుందో వందకి లెక్కేసే బ్లూ అనే కొలతలో, శిక్షణకు వాడిన తరహా రచనల్లో చెరొకీ నుంచి ఇంగ్లీషుకి 15.8 వచ్చింది, వేరే తరహా రచనల్లో 6.5కి పడిపోయింది. ఇంగ్లీషు నుంచి చెరొకీకి ఇంకా తక్కువ. దొరికిన పాఠాల్లో బైబిలు పాలు ఎక్కువ కావడంతో ప్రవక్తల గురించి రాసినంత బాగా పెట్రోల్ బంకు గురించి రాయలేదు.

చెరొకీ నుంచి ఇంగ్లీషు వైపు వాడండి, ఒక వాక్యం దేని గురించో అందుతుంది. అటువైపు నుంచి చెరొకీలోకి వచ్చింది మాత్రం నోటితో అనే ముందు నిఘంటువులో సరిచూడండి. గొంతు మాత్రం దానిలోంచి ఆశించకండి.

చాట్‌బాట్‌ని అడిగితే ఉచ్చారణ చెబుతోంది. నమ్మొచ్చా?

చాలా ధీమాగా చెబుతుంది, చిక్కంతా అక్కడే. మాట నిజమైనదే అయినా దీర్ఘం, స్వరం ఊహించి రాసేస్తుంది. కొన్నిసార్లు లేని మాటనే పుట్టిస్తుంది. చెరొకీ అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీసి ఏ అక్షరం ఏ శబ్దమో రాయమని అడగడం వరకు పనికొస్తుంది, ఎందుకంటే పక్కన 85 అక్షరాల పట్టీ పెట్టుకుని రెండు నిమిషాల్లో తప్పు పట్టేయొచ్చు. మీరు సరిచూడలేని ప్రశ్న దాన్ని అడగకండి.

ఒక మంచి ఉపయోగం ఉంది. చెరొకీ పాఠాల వివరణ అంతా ఇంగ్లీషులో, భాషాశాస్త్రం పదాలతో ఉంటుంది. ఆ ఇంగ్లీషు పేరా ఇచ్చి తేలిక తెలుగులో చెప్పమంటే బాగానే చెబుతుంది.

తెలుగు నుంచి నేరుగా చెరొకీకి వెళ్ళే దారి ఉందా?

సాధనాలేవీ లేవు. ఇంగ్లీషు మీదుగా వెళ్ళాల్సిందే, ఆ దారిలో సామాను పోతుంది. 'మనం', 'మేము' అనే తేడా మనకు ఉంది, చెరొకీకీ ఉంది. మధ్యలో ఉన్న ఇంగ్లీషుకి లేదు. చెరొకీ ఇంకో మెట్టు పైకెళ్ళి 'మనిద్దరం', 'మనమంతా' అని కూడా క్రియలోనే వేరుచేస్తుంది. ఇంగ్లీషులో ఒక్క మాటగా మారిన తర్వాత యంత్రం ఏదో ఒకటి ఎంచుకుని ఇస్తుంది.

ఇది వ్యాకరణం కదా, ఉచ్చారణకేం సంబంధం అంటే, కింది ప్రశ్న చూడండి.

ఒక మాటని మొదటి నుంచి చివరిదాకా ఎలా నేర్చుకోవాలో చూపిస్తారా?

వీడ్కోలు మాట తీసుకుందాం. ఇంగ్లీషులో "మళ్ళీ కలుద్దాం" అని వెతికితే 'తొనదగొహఁఇ' అని దొరుకుతుంది. రాతలో ఆరు అక్షరాలు: తొ-న-ద-గొ-హఁ-ఇ.

మొదట అర్థం ఖాయం చేసుకోండి. ఇది ఒక్కరితో అనే మాట, 'మనిద్దరం మళ్ళీ కలిసేదాకా' అన్నట్టు. ఎదుట ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో ఉంటే 'తొదదగొహఁఇ' అవుతుంది. రెండో అక్షరంలో 'న'కు బదులు 'ద', అంతే తేడా. క్లాసు మొత్తానికి 'న'తో చెబితే ఒక్కరికి చెప్పినట్టే. అనువాద సాధనం ఈ రెండింటిలో ఏదో ఒకటి ఇచ్చి ఊరుకుంటుంది, కాబట్టి నిఘంటువులోకి వెళ్ళాలి.

తర్వాత ఆడియో. చెరొకీ నేషన్ భాషా విభాగం వెబ్‌సైట్‌లో మాటల పట్టీ ఉంది, చాలా మాటలకు భాష వచ్చినవాళ్ళ గొంతు ఉంది. మొదటిసారి కళ్ళు మూసుకుని వినండి, రాత చూడకండి. చూస్తే చెవి పనిచేయదు, కన్ను చదివేస్తుంది. రెండోసారి వేగం తగ్గించి విని, వినబడింది వినబడినట్టు తెలుగులో రాయండి. ఆ తర్వాతే ఆరు అక్షరాల రాతతో పోల్చండి. చివరి 'ఇ' మీ కాగితం మీద లేదా? మీ చెవి తప్పేమీ కాదు, మామూలు మాటల్లో అది తరచూ జారిపోతుంది. 'హఁ' దగ్గర ముక్కుపలుకు పట్టుకున్నారా లేదా చూసుకోండి.

ఆ తర్వాత వెనకనుంచి కట్టుకుంటూ రండి: 'హఁఇ', 'గొహఁఇ', 'దగొహఁఇ', ఇలా. మొదటినుంచి మొదలుపెడితే చివరికొచ్చేసరికి ఊపిరీ స్వరమూ రెండూ పడిపోతాయి. వెనకనుంచి కడితే చివరి స్వరం చెదరదు. మీది రికార్డు చేసి, అసలు గొంతు పక్కన పెట్టి వినండి. ఒక్క మాట మీద పది నిమిషాలు పెట్టడం వృథా కాదు, ఆ తర్వాతి ఇరవై మాటలు తేలికవుతాయి.

ఫోన్‌లో చెరొకీ అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తున్నాయి.

ఫాంట్ పాతది. చెరొకీ 1999లోనే యూనికోడ్‌లోకి వచ్చింది, ఐఫోన్‌లో కీబోర్డు 2010 నుంచి ఉంది. కాకపోతే 2015లో చిన్న అక్షరాలు కొత్తగా చేర్చారు, పాత ఫాంట్లలో అవి లేవు. ఫోన్ అప్‌డేట్ చేస్తే సర్దుకుంటుంది.

నిఘంటువులో వెతికేటప్పుడు చెరొకీ కీబోర్డే వాడండి. ఇంగ్లీషు 'డి' కొట్టి అది 'అ' అనుకుంటే ఏమీ దొరకదు, కంప్యూటర్‌కి అవి రెండూ వేరు. ఫోన్ కెమెరాతో అనువదించే సాధనాలు కూడా ఇదే గొడవలో పడి, చెరొకీ బోర్డుని ఇంగ్లీషు అక్షరాల కలగాపులగంగా చదివేయొచ్చు.

పాపకి చెరొకీ పేరు పెట్టాలని, చేతి మీద పచ్చబొట్టు వేయించుకోవాలని ఉంది. సాధనం ఇచ్చింది వాడొచ్చా?

వద్దు. వెబ్‌లో తిరిగే "చెరొకీ పేర్లు, అర్థాలు" జాబితాల్లో చాలావాటికి చెరొకీతో సంబంధం లేదు. పచ్చబొట్టు చెరిపించుకోవడానికి అయ్యే ఖర్చు మీకు తెలుసు కదా. ఆ సంగతి పక్కనపెట్టినా, పేరు ఆ సమాజంలోనిది. భాష నేర్చుకోవడానికి వాళ్ళు అందరినీ రానిస్తున్నారు, పేరుకి ఇంత తొందరెందుకు?

పాఠాలు ఎక్కడ దొరుకుతాయి?

చెరొకీ నేషన్ ఆన్‌లైన్ క్లాసులు ఉచితంగా నడుపుతుంది. మ్యాంగో లాంగ్వేజెస్‌లో చెరొకీ కోర్సు ఉంది, అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీల కార్డుతో అది ఉచితంగా వస్తుంది, ముందు మీ లైబ్రరీలో అడగండి. 'చెరొకీ వాయిసెస్, చెరొకీ సౌండ్స్' అనే రేడియో కార్యక్రమం మొదట్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా వినండి, స్వరం చెవిలో పడాలంటే మామూలు వేగంలో మాటలు వినాలి. తాలెక్వాలో ఉన్న నార్త్ ఈస్టర్న్ స్టేట్ యూనివర్సిటీలో చెరొకీ డిగ్రీ కూడా చదవొచ్చు.

లాంగ్ వీకెండ్‌కి స్మోకీ మౌంటెన్స్ వెళ్తున్నాం. దారిలో నార్త్ కరోలినాలోని చెరొకీ అనే ఊరు తగులుతుంది. అక్కడ ఏం ప్రయత్నించొచ్చు?

ఊళ్ళో బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు చెరొకీ అక్షరాలు ఉంటాయి. కారు ఆపి నింపాదిగా చదవండి. కింద ఇంగ్లీషు అర్థం ఎలాగూ ఉంటుంది కాబట్టి కెమెరా యాప్ అవసరం లేదు. 85 అక్షరాల పట్టీ ఒక కాగితం మీద ప్రింట్ తీసి పిల్లలకి ఇస్తే వెనక సీట్లో వాళ్ళే పోటీ పెట్టుకుంటారు.

షాపుల్లో 'సియో' అని పలకరించండి, వచ్చేటప్పుడు 'స్గి' అనండి, అక్కడ 'వదో' కాదు. కౌంటర్ దగ్గరున్న వాళ్ళందరికీ భాష వచ్చి ఉండకపోవచ్చు, ఇంగ్లీషులో జవాబిస్తే చిన్నబుచ్చుకోకండి. ఎవరైనా మీ మాట సరిదిద్దితే ఫోన్ తీసి "మా యాప్‌లో ఇలా ఉందండీ" అని మాత్రం చూపించొద్దు. వాళ్ళు అన్నట్టే తిరిగి ఒకసారి అనండి.